సింగర్ 66కు కాజాల అటాచ్‌మెంట్ కూర్చోవడం లేదు, ఏది పడుతుందో చెప్పండి

పాతూరు_పద్మ
మాది అనంతపురం. ఇంట్లో మా అవ్వ నాటి సింగర్ తొక్కుడు మిషన్ ఉంది. బంగారు రంగు పూలు సగం అరిగిపోయినాయి గాని కుట్టు మాత్రం ఈనాటికీ వంక పెట్టలేం. ఇన్నాళ్ళూ జాకెట్లు, గౌన్లు కుడుతూ హుక్కులతో నెట్టుకొచ్చినా. ఇప్పుడు షర్ట్‌లు, కుర్తాలు కూడా ఒప్పుకుంటున్నా కాబట్టి కాజాల (గుండీ పట్టే రంధ్రాల) కోసం మాటిమాటికీ బజారుకు పోవాల్సి వస్తోంది.

మా తమ్ముడు అమెరికా నుంచి వస్తా వస్తా అక్కడ పాత సామాన్ల అంగట్లో దొరికిందని సింగర్ కాజాల అటాచ్‌మెంట్ తెచ్చినాడు. కొత్తదాని మాదిరే ఉంది, డబ్బాలో కాజా సైజును బట్టి మార్చుకునే ఇనుప అచ్చులు ఐదు. తీరా బిగించబోతే కూర్చోదే! స్క్రూ కాడికి అందించాలంటే ప్రెజర్ బార్‌ను (బట్టను అదిమే ఫుట్ బిగించే కడ్డీని) చేత్తో ఎత్తి పట్టుకోవాలి. బిగించినాక ముందుకు వాలిపోతుంది, అడుగు ప్లేటు మీద సగమే ఆనుతుంది. మిషన్ సింగర్‌దే, ఇదీ సింగర్‌దే, మరి ఎందుకు పట్టదు? రిపేరు చేసే ఆయనేమో "రోంత ఆకురాయి పెట్టి అరగదీస్తే సరిపోతుందమ్మా" అంటున్నాడు. చేయించేదా?

కందనవోలు_కత్తెర
ఆకురాయి మాటే ఎత్తద్దు. అరగదీస్తే ఇటు మీకూ పనికిరాదు, అటు ఇంకొకరికీ పనికిరాదు. దాంతో వచ్చిన పుస్తకం మీద నంబరు ఉంటుంది, అది చెప్పండి. మిషన్ మోడల్ ఏది?

పాతూరు_పద్మ
పుస్తకం మీద 160743 అని ఉంది. మిషన్ 66 అంట, రిపేరు ఆయన చెప్పినాడు. మిషన్ మీద మాత్రం వై అక్షరంతో మొదలయ్యే పొడుగాటి నంబరు ఒకటే ఉంది.

బురుజుకాడి_బాబిన్
ఆ రిపేరాయనకు ఎవరన్నా పంటి డాక్టరు దగ్గర పని చూపించండప్పా.

నూనెడబ్బా
160743 అన్నారు కదా, చిక్కు అక్కడే ఉంది. అది వాలు సూది మిషన్లకు చేసిన అటాచ్‌మెంట్. 1952లో సింగర్ 301 వచ్చింది, ఆ తర్వాత 401, 403, 500 లాంటివి. వాటిలో సూది, ప్రెజర్ బార్ నిటారుగా ఉండవు, కుట్టేవాళ్ళ వైపు వాలి ఉంటాయి. కాబట్టి వాటి అటాచ్‌మెంట్లకు కాలు, అంటే బార్‌కు బిగించే భాగం, పొడుగు, పైగా ఏటవాలు. మీ 66లో బార్ నిటారుగా, పొట్టిగా ఉంటుంది. వాలు కాలుదాన్ని నిటారు బార్‌కు బిగిస్తే మీరు చెప్పినట్టే ముందుకు వాలుతుంది. ఎంత అరగదీసినా ఆ కోణం మారదు.

మీకు కావాల్సింది 160506. చూడ్డానికి అచ్చం ఇట్లాగే ఉంటుంది, లోపలి పని కూడా ఇదే, కాలు మాత్రమే వేరు. 15, 66, 99, 201, 221 అన్నిటికీ అదే పడుతుంది. 1960 ప్రాంతంలో గుడ్డు ఆకారం డబ్బాలో వచ్చిన రకంలోనూ ఇదే తేడా: 489500 వాలు సూదికి, 489510 నిటారు సూదికి. కొనేటప్పుడు "సింగర్‌ది" అన్న మాట కాదు చూడాల్సింది, ఆ చివరి అంకెలు చూడాలి.

ఇంకో మాట. అచ్చులు పారేయకండి. 160743 అచ్చులు 160506లో కూడా పడతాయి.

తాడిపత్రి_శీను
అన్నా, వాలు కాలు అంటే హై షాంక్ అనేనా? నేను రెండూ ఒకటే అనుకుంటి.

నూనెడబ్బా
కాదు శీనూ. హై షాంక్ నిటారుగానే ఉంటుంది, ఎత్తు ఎక్కువ, అంతే. వాలుది ఎత్తూ ఎక్కువే, కోణమూ వేరు. ఫుట్ కిందికి దించి ప్లేటు నుంచి స్క్రూ దాకా స్కేలు పెట్టి కొలువు. అర అంగుళం చిల్లర వస్తే లో షాంక్. అంగుళం అంతకు పైన వస్తే హై షాంక్. వాలుది 1⅛ అంగుళం దాకా వస్తుంది గాని దానికి కొలతే అక్కర్లేదు, పక్క నుంచి చూస్తే సూది వాలు కంటికే కనపడుతుంది.

కందనవోలు_కత్తెర
స్క్రూ దాకా అంటే స్క్రూ నడిమధ్యకా, కింది అంచుకా? ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. మధ్యకు కొలిస్తే లో షాంక్ కూడా ముప్పావు అంగుళం దగ్గరికి వస్తుంది, అది చూసి జనం గందరగోళ పడతారు. నన్నడిగితే కొలత కంటే మంచి పద్ధతి ఒకటుంది. ఊర్లో దొరికే మామూలు ఉషా ఫుట్ ఒకటి తెచ్చి బిగించి చూడండి. చక్కగా ప్లేటు మీద ఆని, బట్టను జరిపే పళ్ళ మీద సరిగ్గా కూర్చుంటే మీది లో షాంకే.

నూనెడబ్బా
అదీ నిజమే. నేను చెప్పింది కింది అంచు లెక్క.

గుంతకల్_గార్డు
వై నంబరు అంటే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. 1920ల మొదట్నుంచి 1935 దాకా వచ్చినవాటికి వై, ఆ తర్వాత ఈఏ, ఈబీ అని రెండక్షరాలు. మోడల్ నంబరు వెనక కే అని రాస్తారే, 66కే, 99కే, 201కే, ఆ కే అంటే ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్‌బోవీ. 1980లో మూసేసినారు. ఫ్యాక్టరీ పోయినా దాని కోసం కట్టిన రైల్వే స్టేషను మాత్రం ఈ రోజుకీ నడుస్తా ఉంది, పేరు కూడా "సింగర్" అనే. రైల్వేలో పనిచేసినోడిని కాబట్టి ఆ ముక్క నాకు భలే నచ్చుతుంది.

అమ్మా పద్మా, మీది నిజంగా 66 అవునో కాదో రూఢి చేసుకోండి. రిపేరు వాళ్ళు నల్ల సింగర్ కనపడితే నోటికొచ్చిన నంబరు చెప్తారు. బాబిన్ ఎక్కడ పెడతారు? దారం టెన్షన్ బిళ్ళలు ఎక్కడున్నాయి?

పాతూరు_పద్మ
బాబిన్ సూది ముందర, జరిపే మూత కింద, పై నుంచే వేస్తాం. టెన్షన్ నా వైపుకే ఉంది. ఫుట్ స్క్రూ ఎడమ పక్క.

గుంతకల్_గార్డు
అయితే 66 లేదా 99. టెన్షన్ ఎడమ చివర రేకు మీద ఉండి, బాబిన్ కేసు అడుగు నుంచి పెట్టేటట్టుంటే అది 15. పొడవాటి నావ లాంటి షటిల్ ఉంటే 28, 127 రకం. 99 అంటే 66 తమ్ముడు, ముప్పావు సైజు. మీది పెద్ద తొక్కుడు టేబుల్ మీద ఉందంటే 66 అయ్యే అవకాశమే ఎక్కువ.

ఫుట్ స్క్రూ ఎడమ పక్క ఉండడం మీ అదృష్టం. బాగా పాత 66లు కొన్నిటికి స్క్రూ వెనక వైపు ఉంటుంది. వాటికి మామూలు లో షాంక్ అటాచ్‌మెంట్లు ఏవీ పట్టవు. ఆ బాధ మీకు లేదు.

రాయదుర్గం_జీన్స్
ఇంత పెద్ద కత ఎందుకు? మా రాయదుర్గంలో గార్మెంటు షెడ్డు ఉన్న ఏ వీధికి పోయినా కాజా మిషన్ ఉంటుంది. డజన్ల లెక్కన ఇస్తే చిటికెలో కొట్టిస్తారు. ఒక్కో కాజాకు చిల్లర డబ్బులు.

పాతూరు_పద్మ
నాకు వచ్చేది ఒక షర్టు, రెండు కుర్తాలు అన్నా. ఒక్క షర్టు పట్టుకుని పోతే "పెట్టి పో, సాయంత్రం రా" అంటారు. సాయంత్రం పోతే కరెంటు లేదంటారు. దానికి ఆటో ఛార్జీ నాది.

రాయదుర్గం_జీన్స్
అది కూడా కరెక్టే లే.

ఆదోని_అత్తమ్మ
చేతి కాజా మరిచిపోయినారా అందరూ? మేము నేర్చుకునేటప్పుడు మా మాస్టరు మిషన్ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ముందు కాజా వేసి చూపించమనేవాడు. సుద్దతో గీత గీసి, ముందు బట్ట కత్తిరించి, అంచు వెంబడి ముడి వేసుకుంటూ పోతే గట్టితనం వేరే. మిషన్ కాజాలో అంతా తిరకాసు, ముందు కుట్టి తర్వాత కోస్తారు. కొంచెం చెయ్యి జారితే కుట్టే తెగుతుంది.

కందనవోలు_కత్తెర
అత్తమ్మా, చేతి కాజా అందం ఎవరూ కాదనరు. కానీ షర్టుకు ఏడెనిమిది కాజాలు చేత్తో వేస్తే ఆ కూలి ఎవరిస్తారు? మిషన్ కాజా కోసేటప్పుడు రెండు చివర్లా ఒక్కో గుండుసూది అడ్డంగా గుచ్చి, కుట్టు విప్పే చిన్న కత్తితో మధ్య నుంచి చివర దాకా కోయండి. సూది అడ్డం ఉంటుంది కాబట్టి కత్తి దాటిపోదు.

ఆదోని_అత్తమ్మ
ఇది బాగుంది. మా కోడలికి చెప్తా.

ప్రొద్దుటూరు_పట్టీ
మా ఇంట్లో నల్ల ఉషా ఉంది. లో షాంకే. ఇక్కడ దొరికే కొత్త అటాచ్‌మెంట్ తెచ్చి పెట్టినా. కూర్చుంటుంది, కానీ నాలుగు కుట్లు వేసినాక పక్కనున్న చెయ్యి సూది స్క్రూ మీద నుంచి జారిపోతుంది. ఇది అటాచ్‌మెంట్ తప్పా, మిషన్ తప్పా?

నూనెడబ్బా
రెండింటి తప్పూ కాదు, స్క్రూది. ఈ అటాచ్‌మెంట్ పని చేసే తీరు చూడండి. పక్కనున్న ఆ చీలిక చెయ్యి సూది బిగించే స్క్రూను పట్టుకుంటుంది. సూది ఎక్కి దిగినప్పుడల్లా చెయ్యి కూడా ఎక్కి దిగుతుంది, ఆ కదలికతో లోపలి పళ్ళ చక్రం ఒక్కో పన్ను చొప్పున తిరుగుతుంది. సూది తిన్నగానే పోతుంది, బట్టను పట్టుకున్న పలక కుడి ఎడమలకు ఊగి, అచ్చు చుట్టూ తిరుగుతుంది. అంటే మొత్తం బలం ఆ స్క్రూ తల మీదే. చాలా మిషన్లకు అసలు స్క్రూ పోయి, దొరికిన పొట్టి స్క్రూ ఏదో బిగించి ఉంటారు. దాని తల చీలిక దాటి రోంత బయటికి రావాలి. అంగట్లో సూది స్క్రూ పొడుగుది అడగండి.

ఏ అటాచ్‌మెంట్ పెట్టినా కాలు వేసే ముందు చక్రం చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పండి. సూది ఎక్కడా తగలకపోతేనే తొక్కండి.

ప్రొద్దుటూరు_పట్టీ
చూసినా. మీరు చెప్పినట్టే పొట్టి స్క్రూ, మిషన్ స్క్రూ కూడా కాదు, గడియారం దాంట్లోది మాదిరి ఉంది. యాడ నుంచి వచ్చిందో!

బురుజుకాడి_బాబిన్
ఇంట్లో ఆగిపోయిన గడియారం ఉందా?

కడప_కుర్రోడు
షాపులో జూకీ ఉంది, మోటారుది. దానికి ఈ అటాచ్‌మెంట్ పడుతుందా? వై.వి. స్ట్రీట్‌లో అడిగితే "పడుతుంది పో" అన్నారు.

కందనవోలు_కత్తెర
జూకీ 8700 రకాలన్నీ హై షాంక్. 160506 నేరుగా కూర్చోదు. హై షాంక్ బార్‌కు లో షాంక్ సామాను బిగించే చిన్న అడాప్టర్ ముక్క దొరుకుతుంది, హై షాంక్‌కే చేసిన అటాచ్‌మెంట్లు కూడా ఉన్నాయి. కానీ అసలు సమస్య స్పీడు. ఆ మిషన్ నిమిషానికి 5,500 కుట్ల దాకా పోతుంది. ఈ అటాచ్‌మెంట్ కాలితో తొక్కే మిషన్లకు, చిన్న ఇంటి మోటార్లకు చేసింది. ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిరిగే పాత క్లచ్ మోటారు మీద పెడితే పళ్ళ చక్రం పటపటలాడి పాడవుతుంది. సర్వో మోటారు ఉండి స్పీడు బాగా తగ్గించుకోగలిగితే చూడు.

కడప_కుర్రోడు
క్లచ్చే. వద్దులే అన్నా, అమ్మ తొక్కుడు మిషన్ మీదే పెట్టుకుంటా.

హిందూపురం_హేమ
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటా. జిగ్‌జాగ్ వచ్చే కొత్త ఎలక్ట్రిక్ మిషన్ ఒకటి కొనుక్కుంటే ఈ కాళ్ళ కొలతలు, స్క్రూల గొడవ ఏమీ లేదు. నాది ఉషా జనోమే. నాలుగు దశల్లో కాజా పడిపోతుంది.

నూనెడబ్బా
పడుతుంది, కాదనను. కానీ దాని ఎడమ వరసా కుడి వరసా పక్కపక్కన పెట్టి చూడండి. ఒక వరస ముందుకు పోతూ, ఇంకోటి వెనక్కు వస్తూ కుడుతుంది కాబట్టి ఒకటి దట్టంగా, ఒకటి పలచగా రావడం మామూలు. దాన్ని సరిచేయడానికి డయల్ తిప్పుతూ కూర్చోవాలి. ఇక్కడ ఆ తేడా ఉండదు, పళ్ళు బట్టను లాగవు, అచ్చే తిప్పుతుంది. ఏడు కాజాలు వేస్తే ఏడూ ఒకే కొలత. మెత్తని బట్ట అయితే ఇంకో చుట్టు తిప్పేస్తే గట్టిగా లేస్తుంది.

హిందూపురం_హేమ
మాది కూడా బాగానే వస్తుంది, డయల్ ఒకసారి సెట్ చేసుకుంటే చాలు. మీకు పాత ఇనుమంటే ప్రేమ, ఒప్పుకోండి.

నూనెడబ్బా
ఒప్పుకున్నా.

గుంతకల్_గార్డు
అచ్చులతో పని లేని రకం కూడా ఒకటుంది, 121795. నల్లటిది, పైన బొత్తాలు. కాజా పొడవు, వెడల్పు, మధ్య కోత సందు, అన్నీ స్క్రూలతోనే సరిచేసుకోవాలి. లో షాంకే కాబట్టి పద్మ గారి మిషన్‌కు పడుతుంది. నా దగ్గర ఉన్నది ఇదే. ఏ సైజు గుండీకైనా చేసుకోవచ్చు, "ఆ అచ్చు లేదు, ఈ అచ్చు లేదు" అనే బాధ ఉండదు.

కందనవోలు_కత్తెర
సర్, ఆ రకంలో సెట్టింగు కుదిర్చేసరికి తెల్లారుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అచ్చుల రకమే మేలు. కాకపోతే మీరన్న అచ్చుల బాధ నిజం. డబ్బాలో వచ్చే ఐదులో చిన్నది 5/16 అంగుళం, దాని తర్వాత ఏకంగా 5/8. మన షర్టు గుండీ 18 లైను. 40 లైన్లు ఒక అంగుళం, అంటే 18 లైను గుండీ అడ్డం కొలత 11.4 మిల్లీమీటర్లు. గుండీ మందం కూడా కలిపితే అర అంగుళం కాజా కావాలి. 5/16 చాలదు, 5/8 వదులు. అర అంగుళం అచ్చు విడిగా వచ్చే రెండో సెట్టులో ఉంటుంది. పద్మ గారూ, షర్ట్‌ల కోసమే అయితే అది తప్పకుండా వెతుక్కోండి.

పాతూరు_పద్మ
అందుకేనా! చేత్తో పట్టుకుని గుండీ మీద పెట్టి చూస్తే ఏదీ కుదరలేదు. ఇంకో డౌటు. 66లో పళ్ళు కిందికి దించే బటన్ లేదు. అది లేకుండా కాజా పడుతుందా?

నూనెడబ్బా
చాలా 66లకు అంతే. దానికే డబ్బాలో ఒక పలచని ప్లేటు ఇస్తారు, మధ్యలో సూది పోయే చిల్లి, పక్కన స్క్రూకు గాడి. దాన్ని పళ్ళ మీద కప్పి, మిషన్ బల్లకు ఉన్న మర రంధ్రంలో స్క్రూ బిగించాలి. 201 లాంటి వాటిలో పళ్ళు కిందికి దించుకోవచ్చు కాబట్టి వాటికి ప్లేటు అక్కర్లేదు. కుట్టు పొడవు సున్నాకు తెస్తే చాలు కదా అంటారు కొందరు. పొడవు తగ్గించినా పళ్ళు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటాయి, పలకను కింది నుంచి తడుతుంటాయి. ప్లేటు వేసుకోవడమే పద్ధతి.

ఉరవకొండ_ఉమ
ప్లేటు పోయినోళ్ళకు చిట్కా: పాత ఏటీఎం కార్డుకు సూది పోయేంత చిల్లి పెట్టి పళ్ళ మీద టేపు వేసి అంటించండి. నేను అట్లనే కుడుతున్నా.

కందనవోలు_కత్తెర
పలచని కార్డు అయితే సరే. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న కార్డు అయితే పలక దాని మీద గీసుకుంటుంది, జాగ్రత్త.

బురుజుకాడి_బాబిన్
కార్డు బ్లాక్ చేయించినాక కత్తిరించండమ్మా.

తాడిపత్రి_శీను
మా ఇంట్లో ఒక పాతది దొరికింది, బిగుసుకుపోయి కదలడం లేదు. మా నాయన శనిగ నూనె పోసినాడు. ఇప్పుడు ఇంకా బిగుసుకుంది.

నూనెడబ్బా
అనంతపురం జిల్లా కాబట్టి శనిగ నూనె, కోనసీమలో అయితే కొబ్బరి నూనె. వంట నూనె ఏదైనా ఆరినాక బంకగా మారుతుంది. కింది పలక స్క్రూలు విప్పి, మొత్తం కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టు. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పైన తిప్పే బొత్తాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించు. బలవంతంగా తిప్పకు, చక్రం పన్ను విరిగితే దొరకదు. బాగా ఆరినాక మిషన్ నూనె మాత్రమే, అదీ చుక్కలుగా.

తాడిపత్రి_శీను
కదిలిందన్నా!! కిరోసిన్ కోసం ఊరంతా తిరగాల్సి వచ్చింది, రేషన్‌లో ఇవ్వడం మానేసినాక దొరకడమే కష్టం.

ఆదోని_అత్తమ్మ
పలచటి మల్లు బట్ట మీద కాజా వేస్తే ముడుచుకుంటుంది కదా, దానికేం చేస్తారు?

కందనవోలు_కత్తెర
పట్టీ లోపల కాన్వాసు పేస్టింగు (గట్టిగా నిలవడానికి అంటించే గుడ్డ) ఉండాల్సిందే. అప్పటికీ ముడుచుకుంటే అడుగున పలచని కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. పై దారం టెన్షన్ రోంత వదులు చేస్తే ముడి కిందికి పోయి పైన నున్నగా వస్తుంది. సూది 11 నంబరు, ఇంటి మిషన్‌కు హెచ్ఏ రకం. షాపు మిషన్ డీబీ సూది గుండ్రటి కాడది, దీనికి తెచ్చి పెట్టద్దు.

రాయచోటి_రజియా
పద్మక్కా, ఆ 160743 అమ్ముతారా? మా పిన్ని కువైట్‌లో పనిచేసిన ఇంటోళ్ళు వచ్చేటప్పుడు ఇచ్చిన 301 మా దగ్గరుంది. అల్యూమినియంది, పైన పిడి. తిన్నని కుట్టు తప్ప ఏమీ రాదు. కాజాలకు ఇదొక్కటే దారి, ఇక్కడ వాలు కాలుది ఎక్కడా దొరకదు.

పాతూరు_పద్మ
ఇస్తా చెల్లీ. కాని అచ్చులు నేను పెట్టుకుంటా, 160506లో కూడా పడతాయన్నారు కదా.

రాయచోటి_రజియా
అచ్చులు లేకుంటే ఆ డబ్బా నేనేం చేసుకునేదక్కా? మీరు కొనే 160506లో మీకు ఐదు వస్తాయి కదా!

పాతూరు_పద్మ
వస్తాయో రావో, పాత సామాను. సగం డబ్బాల్లో ఒకటో రెండో పోయే ఉంటాయంట.

బురుజుకాడి_బాబిన్
పంచాయితీ మొదలైంది. కుర్చీలు వేయండి.

నూనెడబ్బా
రజియా, 301కు కూడా అర అంగుళం అచ్చే కావాలి, అది ఆ డబ్బాలో ఎట్లాగూ లేదు. రెండో సెట్టు ఇద్దరూ కలిసి కొనుక్కోండి. పద్మ గారు 160506 దొరికినాక వీటిని పూర్తిగా పంపిస్తారు.

పాతూరు_పద్మ
దొరికినాక అంటే ఒప్పుకుంటా. తాళంచెవి రంధ్రం ఆకారం అచ్చు మాత్రం నాకే, కోటు కాజాలకు కావాలి.

రాయచోటి_రజియా
కోట్లు మేమూ కుడతామక్కా 😀 సరే, తమ్ముణ్ణి ఇంకొకటి చూడమనండి, నేను ఆగుతా. ధర మెసేజ్‌లో మాట్లాడుకుందాం.